కూచిపూడి దారిలో ఒక వన్స్ మోర్

మా అమ్మాయి ఇందుకి ఇంటర్‌లో మార్కులు బాగానే వచ్చాయి, ఎంట్రన్సులో ర్యాంకు కూడా ఫర్వాలేదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కోసం సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో సర్దుకుని మా ఆయన సిద్ధంగా కూర్చున్నారు. అలాంటి ఇంట్లో, జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను చారు వడ్డిస్తుండగా, "నేను నాటకం చదువుతాను" అంది ఇందు. చారు గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తారు. ఏ విషయమైనా ముందు మెయిన్ ఆపి తర్వాత మాట్లాడే మనిషి. అన్నం తిని, చేయి కడుక్కుని వచ్చి, "ఒక్కసారి వెళ్ళి రండి. సీటిస్తే చదువుకో. ఇవ్వకపోతే మారు మాట్లాడకుండా కౌన్సెలింగ్‌కి వచ్చెయ్యాలి" అన్నారు. ఇందు సరేనంది. అంటే దాని చేతిలో ఉన్నది ఒకే ఒక్క రోజు, ఆ రోజులో ఐదు నిమిషాలు.

కూచిపూడికి కాస్త అవతల, కాలువ పక్కన, ప్రదర్శన కళల కళాశాల ఒకటి ఉంది. పేరు రాయను. అక్కడ నేను చేసిన నిర్వాకం చదివితే ఎందుకు రాయలేదో మీకే తెలుస్తుంది. రంగస్థల కళల్లో మూడేళ్ళ డిగ్రీకి ఆడిషన్ పెట్టి మరీ తీసుకుంటారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. అందులోనే ఒక పద్యమో పాటో పాడాలి, ఒక గద్య సన్నివేశం నటించి చూపించాలి. ఐదో నిమిషం అవగానే గంట కొడతారు. ఇందు పద్యం మా నాన్న దగ్గర నేర్చుకున్నదే. గద్యం మాత్రం సొంతంగా తయారు చేసుకుంది. రేషన్ మిషన్‌లో వేలిముద్ర పడని ఒక ముసలావిడ, నేను నేనేనని డీలరుకి నమ్మకం కలిగించడానికి పడే పాట్లు. రెండు నెలలుగా మాకు తెలియకుండా మేడ మీద సాధన చేసిందట. ఆ కాలేజీలోనే చదువుతున్న సీనియర్ అమ్మాయి ఒకతె ఫోన్లో ముందే చెప్పింది, "పద్యాలు పాడేవాళ్ళు బోలెడంతమంది వస్తారు, వాళ్ళు గద్యం చూసే సీటిస్తారు" అని. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. మా నాన్న పగలు రైస్ మిల్లులో గుమాస్తా, నాటకం ఉన్న రోజు మహారాజు. పద్యనాటకాలు చూడని పిల్లల కోసం రెండు ముక్కలు. అందులో పాత్రలు మాటల మధ్యలో పద్యాలు పాడతాయి. పద్యం చివర రాగం తీసి ఎంతసేపు నిలబెడితే నటుడు అంత గొప్ప. నచ్చితే జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు. అరిచారా, ఇక కథ ఎక్కడున్నా ఆగాల్సిందే, అదే పద్యం మళ్ళీ పాడాల్సిందే. చచ్చి పడిపోయిన పాత్ర లేచి, ఇంకోసారి పాడి, మళ్ళీ చచ్చిపోయిన సందర్భాలు మా వైపు కోకొల్లలు. అయితే ఆ మొదటి అరుపు అరవడానికి అందరికీ మొహమాటం. ఆ మొహమాటం పోగొట్టడమే నా ఉద్యోగం. ఏడేళ్ళప్పటి నుంచి నాన్న నన్ను ఆడవాళ్ళ వైపు మూడో చాప మీద కూర్చోబెట్టేవాడు. రాగం పైకి వెళ్ళి, మెల్లగా దిగి, హార్మోనియం ఒక్క క్షణం ఆగుతుంది. సరిగ్గా అక్కడ అరవాలి. ముందే అరిస్తే రాగం పాడవుతుంది, ఆలస్యమైతే చప్పట్లలో కలిసిపోతుంది. "ఆడపిల్ల గొంతు లేచిందంటే మగాళ్ళు ఊరుకోలేరే" అనేవాడు నాన్న. నిజంగానే నా వెనకే పందిరంతా లేచేది. జీతం ఒక నిమ్మసోడా. నాకు గొంతు లేదు, నటన రాదు. కళామతల్లికి నేను చేసిన సేవంతా ఆ రెండు మాటలే.

జూన్ చివరి వారంలో ఆడిషన్. మా ఇల్లు గుణదలలో. తెల్లారుజామునే లేచి, ఐదున్నరకి ఆటో ఎక్కి, నూట యాభై ఇచ్చి బస్టాండుకి చేరాం. పామర్రు, కూచిపూడి మీదుగా అవనిగడ్డ వెళ్ళే బస్సు ఆరుంబావుకి ఉంది. బస్సులో కూర్చున్నాక వన్ టౌన్ వైపు చూస్తే, అప్పుడే షట్టర్లు లేస్తున్నాయి, తోపుడు బళ్ళు కదులుతున్నాయి. అక్కడ ఒక సందులో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. కిరీటాలు, గదలు, పూసల హారాలు ఒక రేకు ట్రంకులో పెట్టి ఇచ్చేవాళ్ళు. ఆ ట్రంకుని బస్సు టాపు మీదకి ఎక్కించి, దిగే దాకా నాన్న కిటికీలోంచి తల బయట పెట్టి చూసుకుంటూనే ఉండేవాడు. కిరీటం వంగిపోతే ఆ రాత్రి రాజ్యం పోయినట్టే మరి. ఇప్పుడు ఆ కొట్టు ఉన్న చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఇందు చెవుల్లో పెట్టుకున్న వైర్లు తీసి, "అమ్మా, గదని టాపు మీద వేస్తే కింద పడదా?" అని అడిగింది. పడింది ఒకసారి. కంకిపాడు దగ్గర. బస్సాపి వెతుక్కున్నాం.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు కాబట్టి మా ఇద్దరికీ ప్రయాణం ఉచితం. కార్డు మర్చిపోకండి, జిరాక్సు కాదు, అసలుదే పట్టుకెళ్ళండి. ఉయ్యూరు చేరేసరికి ఏడుంబావు. అక్కడ మా పిచ్చయ్య బాబాయి ఎక్కాడు. ఆయన నాన్నకి ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించిన మనిషి. వయసు ఎనభైకి దగ్గర పడింది. హార్మోనియం పెట్టెని ఉతికిన పంచెలో మూట కట్టి, పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎక్కాడు. పక్కవాద్యం తెచ్చుకోవచ్చని కాలేజీవాళ్ళు రాశారు గనక నేను ఫోన్ చేసి అడిగాను. "మీ నాన్న మనవరాలు పాడుతుంటే ఇంకెవడో వాయిస్తాడా?" అని ఫోన్లోనే కసిరాడు. కండక్టరమ్మ ఆ పెట్టె చూసి లగేజి టికెట్ తీసుకోమంది.

"ఇది వాయించేది ఆడపిల్ల కోసమమ్మా. దీనికి కూడా ఆ సున్నా టికెట్టే కొట్టెయ్యి" అన్నాడు బాబాయి.

"దీనికి ఆధార్ ఉందా తాతా?" అంది ఆవిడ. బస్సులో సగం మంది నవ్వారు. చివరికి పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే టికెట్ అక్కర్లేదని తేలింది. పామర్రు దాకా అది ఆయన ఒళ్ళోనే ఉంది.

ఉయ్యూరు దాటాక రోడ్డుకి అటూ ఇటూ నారుమళ్ళు మొదలయ్యాయి. కాలువలకి నీళ్ళు వదిలి వారం అయిందేమో, ఎర్రటి కొత్త నీళ్ళు గట్టు ఒరుసుకుని పోతున్నాయి. ఆ దారిలోనే, రోడ్డు దిగి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో నాన్న ఆఖరి నాటకం ఆడాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, బెజవాడలో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్ స్నేహితురాళ్ళు ఇద్దరు మా నాన్న నాటకం చూస్తామంటే తీసుకెళ్ళాను. వాళ్ళతోపాటు కుర్చీల్లో కూర్చున్నాను, చాప మీద కాదు. ఆ రోజు నాన్న గొంతు బాగాలేదు. పెద్ద పద్యం ఎత్తుకున్నాడు. రాగం పైకి వెళ్తూ వెళ్తూ జీరపోయింది. ఎలాగో దింపాడు. హార్మోనియం ఆగింది. నాన్న ఆడవాళ్ళ వైపు చూశాడు, మూడో చాప వైపు. తర్వాత కుర్చీల వైపు చూశాడు. నా కళ్ళలోకి చూశాడు. పక్కన స్నేహితురాళ్ళు. నాకు సిగ్గేసింది. నేను అరవలేదు. ఎవరూ అరవలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న అడిగింది ఒకటే, "మీ వాళ్ళు సరిగ్గా తిన్నారా?" అని. ఆ తర్వాత ఆయన రంగు వేసుకోలేదు. ఇందు పుట్టాక దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పద్యాలు నేర్పాడు గానీ, దానికి పదకొండేళ్ళప్పుడు పోయేదాకా, నాతో ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. ఆ ఊరి అడ్డరోడ్డు వస్తే ఇప్పటికీ నేను ఫోన్ చూసుకుంటాను. ఆడిషన్ రోజు పొద్దున కూడా అదే చేశాను.

పామర్రులో ఎనిమిదికి పది నిమిషాలుందనగా టిఫిన్ కోసం దిగాం. టిఫిన్ ఇక్కడే చేసెయ్యండి, ముందుకెళ్తే కాలేజీ చుట్టుపక్కల టీ తప్ప ఏమీ దొరకదు. బస్టాండుకి ఎదురుగా చిన్న హోటల్, పెనం ముందు ఒక పెద్దావిడ. నేను పెసరట్టు చెప్పబోతుంటే బాబాయి అడ్డం పడ్డాడు. "పాడే పిల్లకి పెసరట్టేంటమ్మా, గొంతు పట్టేస్తుంది. ఇడ్లీ పెట్టు, అల్లప్పచ్చడి వద్దు, వేణ్ణీళ్ళియ్యి" అన్నాడు. ఆవిడ అట్లకాడ ఆపి, "ఏం పాడతావమ్మా?" అని ఇందుని అడిగింది. నాటకం పద్యమని చెబితే, "ఆడపిల్లవి నాటకమా? మంచిదే. మాకు తెలిసి రాణి వేషం వేసినా మీసాలు గీసుకున్న మగాళ్ళే వేసేవోళ్ళు" అంది. ఇందు వెంటనే బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది. ముగ్గురికీ కలిపి నూట నలభై అయింది. ఇడ్లీలు బాగున్నాయి, పెసరట్టు ఎలా ఉందో నాకు తెలీదు. బాబాయి మాత్రం రెండు తిన్నాడు.

అక్కడి నుంచి కాలేజీకి ఆటో మూడొందలు. షేర్ ఆటోలో కూచిపూడి సెంటర్ దాకా వెళ్ళి మారితే తక్కువలోనే అయిపోతుంది గానీ, హార్మోనియంతో కుదరలేదు. "డాన్సుకాండీ?" అన్నాడు డ్రైవరు, ఇటు వచ్చే ఆడపిల్లలందరూ డాన్సుకే వస్తారన్నట్టు. నాటకానికని చెప్పాను. "మా నాన్న పదేసి మైళ్ళు సైకిల్ తొక్కెళ్ళి నాటకాలు చూసేవోడండీ. తెల్లారొచ్చి పొలంలో నిద్దరపోయేవోడు. మా అమ్మ తిట్టేది" అన్నాడు. నాన్న పేరు చెబితే గుర్తుపడతాడేమోనని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. కూచిపూడి దాటుతుంటే ప్రాక్టీసు చీరలు కట్టుకున్న పిల్లలు గుంపుగా రోడ్డు దాటారు. అందరి నడకా ఒకే లయలో ఉంది. ఇందు వాళ్ళని చూస్తూ పెదాలు కదుపుతోంది. పద్యం కాదు, రేషన్ షాపు మాటలు.

తొమ్మిదిన్నరకల్లా రమ్మన్నారు, తొమ్మిదింటికే ఉన్నాం. పెంకుటిల్లు లాంటి పాత బిల్డింగు, వెనక కొత్తగా కట్టిన హాస్టలు, గేటు ముందు కాలువ, దాని మీద సన్నటి వంతెన. ఇందుకి ముప్పై నాలుగో నంబరొచ్చింది. మొత్తం యాభై దాకా ఉన్నారు. సీట్లు ఇరవై. 'తల్లిదండ్రులు వరండాలో ఉండవలెను' అని కాగితం అంటించారు. వరండాలో బెంచీలున్నాయి, తాగేందుకు నీళ్ళున్నాయి, ఫ్యాన్లు మాత్రం లేవు. ఒక విసనకర్ర తెచ్చుకుంటే మంచిది. వరండాకీ హాలుకీ మధ్య పెద్ద పెద్ద కిటికీలు, రెక్కలన్నీ తెరిచే ఉన్నాయి. లోపల టేబుల్ వెనక ముగ్గురు. మధ్యలో నెరిసిన పొట్టి జుట్టు, నేత చీర కట్టుకున్న పెద్ద మేడమ్. ఎవరు పాడినా ఆవిడ ముఖంలో మార్పు లేదు. గంట కొట్టేది కూడా ఆవిడే. పన్నెండు దాటాక ఇందు పేరు పిలిచారు. నా చేయి ఒకసారి నొక్కి లోపలికి వెళ్ళింది. బాబాయి పెట్టె ముందు కూర్చుని, తిత్తి లాగి, శ్రుతి పట్టాడు. నేను కిటికీ పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

ఎత్తుకుంది. ఆ గొంతు నేను రోజూ వింటున్నదే. అన్నం పెట్టమనీ, చార్జరేదనీ అరిచే గొంతే. కానీ ఆ హాల్లో, ఆ హార్మోనియం మీద, అది మా నాన్న గొంతు. చివరి పాదంలో ఆయన ఎక్కడ ఊపిరి పీల్చేవాడో అక్కడే పీల్చింది. రాగం మొదలుపెట్టింది. పైకి వెళ్ళింది. నాన్నకి జీరపోయిన ఆ చోటు వచ్చింది, నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. దాటేసింది. అక్కడ నిలబెట్టి, తీరిగ్గా, మెట్టు మెట్టుగా దిగింది. హార్మోనియం ఒక్క క్షణం ఆగింది.

"వన్స్ మోర్!"

ఎవరో అరిచారు. అరిచింది నేనేనని నాకు తెలియడానికి కొంచెం టైం పట్టింది. వరండాలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. లోపల పెద్ద మేడమ్ పెన్ను ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. బాబాయి వేళ్ళు వాటంతట అవే మొదటి స్వరానికి వెళ్ళిపోయాయి. ముప్పై ఏళ్ళ అలవాటు, ఆ రెండు మాటలు వినిపిస్తే ఆ చేతులకి ఇంకోటి తెలీదు. ఇందు ఒక్క క్షణం తడబడి, తల ఎత్తి, పద్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. వద్దని సైగ చేశాను. అది కిటికీ వైపు చూస్తే కదా. రెండోసారి ఇంకా నెమ్మదిగా పాడింది. రాగం దింపుతుండగానే గంట మోగింది.

"గద్యం ఉందండీ" అంది ఇందు.

"టైమైపోయిందమ్మా. తర్వాతి వాళ్ళని పిలవండి" అంది మేడమ్.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. "అమ్మా, అరిచింది నువ్వేనా?" అంది. నేనేనన్నాను. "అనుకున్నాలే" అంది. తిట్టినా బాగుండేది. రెండు నెలలు మేడ మీద ఎండలో తిరుగుతూ తయారు చేసుకున్న ముసలావిడ ఆ పిల్ల లోపలే ఉండిపోయింది. నేను చేతులారా దాని నోరు నొక్కేశాను. లంచ్ కోసం అందరూ లేస్తుంటే ఉండబట్టలేక హాల్లోకి వెళ్ళి పెద్ద మేడమ్ ముందు నిలబడ్డాను. "అరిచింది నేనండీ. మా అమ్మాయి తప్పేం లేదండీ. మా నాన్న నాటకాలాడేవారు, చిన్నప్పటి నుంచి అలవాటండీ, నోరు జారిపోయింది" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను కిందికీ పైకీ చూసింది. "మీరు అరిచారు సరే. మళ్ళీ పాడింది ఆ అమ్మాయే కదండీ?" అంది. "బయట కూర్చోండమ్మా" అంది.

రెండింటికి నోటీసు బోర్డు మీద రెండు కాగితాలు అంటించారు. మొదటి దాంట్లో పద్నాలుగు పేర్లు, ఎంపికైనవాళ్ళవి. ఇందు లేదు. రెండో దాని మీద 'మధ్యాహ్నం మళ్ళీ చూడవలసినవారు' అని ఉంది. తొమ్మిది పేర్లు, అందులో ఆరోది ఇందు. కింద ఎవరో పెన్నుతో కొత్తగా రాశారు, 'తల్లిదండ్రులు కాలువ వంతెన అవతల ఉండవలెను' అని. పిల్లలందరూ ఆ లైను చదివి నా వైపు చూసి నవ్వుతున్నారు. ఇందు కూడా నవ్వింది, పొద్దుటి నుంచీ మొదటిసారి.

"అమ్మా, వంతెన అవతలంటే వంతెన అవతలే" అంది. "తాతయ్యా, నువ్వు కూడా అమ్మతో వెళ్ళు. గద్యానికి నీతో పనిలేదు. అమ్మ నోరు చూసుకో."

బాబాయీ, నేనూ వంతెన దాటి కాలువ గట్టు మీద ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాం. అక్కడికి ఏమీ వినిపించదు. నీళ్ళ చప్పుడు, దూరంగా ఎవరో ట్రాక్టరు స్టార్ట్ చేస్తున్న చప్పుడు, అంతే. పెట్టె మూట మా ఇద్దరి మధ్యలో ఉంది. నేను ఇందు గురించే మాట్లాడుతున్నాను, దాని జీవితం పాడుచేశాననీ, వాళ్ళ నాన్నకి ఏం మొహం పెట్టుకుని చెప్పాలనీ. బాబాయి చాలాసేపు విన్నాడు. తర్వాత మూట మీద చెయ్యి వేసి, "ఆ రోజు నేను కూడా ఆగానమ్మా" అన్నాడు.

ఏ రోజని అడగలేదు. నాకు తెలుసు.

"మీ నాన్న రాగం దింపేశాడు. నేను మొదటి మెట్టు మీద వేలు పెట్టుకుని కూర్చున్నా, నువ్వు అరుస్తావని. ఎంతసేపు కూర్చున్నానో. మీ నాన్న నా వైపు తిరిగి, కానీయ్ అన్నట్టు తల ఊపాడు. తర్వాత పద్యానికి వెళ్ళిపోయాం."

"నాకు సిగ్గేసింది బాబాయ్" అన్నాను. ఇరవై ఏడేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. "పక్కన ఫ్రెండ్స్ ఉన్నారు. నాన్న నన్నే చూశాడు. నాకు సిగ్గేసింది."

"ఆయనకీ తెలుసు. దిగొచ్చాక నాతో అన్నాడు, 'పిల్ల పెద్దదైందిరా పిచ్చయ్యా' అని. కోపంగా కాదు. నవ్వుతానే అన్నాడు." మూట ముడి సవరిస్తూ, "ఇయ్యాల నువ్వు అరిస్తే నాకు ఒళ్ళు ఝల్లుమంది. అదే గొంతు, సరిగ్గా అదే చోట. ఇంక నా చేతులేం చేస్తయ్యి చెప్పు. అవి అప్పట్నుంచీ ఎదురుచూస్తన్నయ్యి" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. గట్టు మీద, పట్టపగలు, గేదెలు తోలుకెళ్తున్న మనిషి ఆగి చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. బాబాయి మూటకి కట్టిన పంచె కొస ఇచ్చాడు తుడుచుకోమని. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

నాలుగున్నరకి ఇందు వంతెన మీద కనిపించింది. పరిగెత్తడం లేదు, మామూలుగా నడుస్తోంది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు, అచ్చం వాళ్ళ నాన్నే. దగ్గరికొచ్చి నా పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పింది. పొద్దున ఎందుకు మళ్ళీ పాడావని పెద్ద మేడమ్ అడిగిందట. "వన్స్ మోర్ అంటే పాడాలండీ, మా తాతయ్య చెప్పారు. కానీ రెండోసారి మొదటిసారిలాగే పాడకూడదని కూడా చెప్పారు, అడిగినవాళ్ళు అది విన్నారు కదా అని" అందట ఇది. మేడమ్ గద్యం చెయ్యమంది. చేసింది. ముసలావిడ వేలు మిషన్ మీద నాలుగోసారి పెట్టే చోట, పామర్రు హోటల్లో పెద్దావిడ అట్లకాడ ఆపి చూసినట్టు ఆగి చూసిందట డీలరుని. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేడమ్ మాత్రం, "ఇక్కడ మూడేళ్ళు తప్పులు చెప్పేవాళ్ళే గానీ వన్స్ మోర్ అనేవాళ్ళుండరు. ఉండగలవా?" అని అడిగిందట.

"నువ్వేమన్నావే?"

"మా అమ్మ వంతెన అవతల ఉంటుందిలెండి అన్నాను. నవ్విందమ్మా ఆవిడ. పళ్ళు కనిపించేలా నవ్వింది." అప్పుడు చేతిలో మడత పెట్టి ఉన్న కాగితం విప్పింది. ఫీజు వివరాలు, హాస్టల్లో చేరాల్సిన తేదీ. మా ఆయనకి నేనే ఫోన్ చేశాను. "హాస్టలు గదుల్లో వైరింగ్ ఎలా ఉందో చూశావా? ఫ్యాన్లు ఉన్నాయా?" అన్నారు. చూడలేదన్నాను. "నేనొచ్చి చూస్తాలే" అన్నారు. మా ఇంట్లో అంగీకారం అంటే అలాగే ఉంటుంది.

ఆరింటికి కూచిపూడి సెంటర్లో విజయవాడ బస్సు దొరికింది. ఉయ్యూరులో బాబాయి దిగిపోయాడు, ఇందు కిటికీ మీద తల పెట్టి నిద్రపోయింది. అంతకు ముందే, పామర్రు దాటాక, ఆ అడ్డరోడ్డు వచ్చినప్పుడు నేను ఫోన్ తియ్యలేదు. రోడ్డు పక్కన కొత్తగా ఏవో షాపులొచ్చాయి, ఊరిలోకి సిమెంటు రోడ్డు వేశారు. నాటకం పందిరి వేసిన ఖాళీ స్థలం ఇంకా ఉందో లేదో తెలీదు. ఉన్నా లేకపోయినా నాన్న అక్కడ నా వైపు చూసిన చూపు నాతోనే ఉంటుంది, అది పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు. మనం అనాల్సిన మాట అనాల్సిన చోట అనకపోతే, అది ఎక్కడికీ పోదని మాత్రం ఆ రోజు తెలిసింది. గొంతులోనే కూర్చుని ఉంటుంది. ఏదో ఒక రోజు, అక్కర్లేని చోట, ఎవరి ఐదు నిమిషాలో తినేస్తూ బయటపడుతుంది. నాది మా అమ్మాయి నెత్తిన పడింది. అది మంచి పిల్ల కాబట్టి దాన్ని కూడా పద్యంగా పాడేసింది.

పిల్లల్ని ఆడిషన్‌కి తీసుకెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగిన ఒకే ఒక్క సలహా. టైముకి చేర్చండి, మంచినీళ్ళ సీసా చేతికివ్వండి, తర్వాత కిటికీ దగ్గర నిలబడకుండా ఏమీ వినిపించనంత దూరం నడిచి వెళ్ళిపోండి. ఆ కాలేజీకి అయితే వంతెన దాటి కుడి వైపున సిమెంటు దిమ్మ ఉంది, నీడ కూడా ఉంటుంది.

ఇందు చేరి రెండు నెలలైంది. నిన్న మెసేజ్ పెట్టింది. "శనివారం మా బ్యాచ్ మొదటి ప్రదర్శన. పద్యం నాదే. మేడమ్‌ని అడిగాను, ఈసారి లోపలికి రావచ్చట. కుర్చీల్లో వద్దు, చాపలు వేస్తారు, నువ్వు ఆడవాళ్ళ వైపు మూడో చాప మీద కూర్చో. రాగం దింపాక నీ వైపే చూస్తాను."

ఆరుంబావు బస్సుకే వెళ్తున్నాను. ఉయ్యూరులో బాబాయి ఎక్కుతాడు.